అప్ప కడిగిన బొమ్మలు

మొన్న మా సందులోకి పాత ఎక్స్‌రే ఫిలిములు కొనుక్కునేవోడు వచ్చేడు. సైకిలుకి రెండేపులా గోనెసంచులు కట్టుకుని, "పాత ఎక్స్‌రేలు, పాత ఎక్స్‌రేలో" అని అరుసుకుంటా. మా అత్తకి ఇలాటి కేకలు ఇనపడితే సాలు, సేతిలో పనొగ్గీసి గుమ్మంలోకి ఎలిపోద్ది. అటకమీద కవర్లన్నీ నా సేత దింపించీసింది. మా మాంగారి మోకాళ్ళు, అత్త నడుము, మా ఆయన సిన్నప్పుడు జీడిసెట్టు మీంచి పడి ఇరగ్గొట్టుకున్న సెయ్యి. మా ఇంట్లోవోళ్ళ ఎముకలన్నీ ఈది గుమ్మంలో ఆరబెట్టినట్టయిపోయింది.

ఆ సైకిలోడు ఒక్కోటీ ఎండకెత్తి సూత్తన్నాడు. మోకాళ్ళు పక్కన పడీసేడు. "ఇయ్యన్నీ తెల్లగున్నాయి మామ్మా, ఏటొస్తాది? నల్లగుంటేనే లోన వెండి మిగిలున్నట్టు" అంతన్నాడు. ఆఖర్న అడుగునున్న పెద్ద ఫిలిం తీసేడు. గుండెల ఫిలిం. దాన్ని ఎండకెత్తి, తల అటూ ఇటూ తిప్పి, "ఓలబ్బో, నలుపంటే ఇదీ. ఎవలు కడిగేరో గానీ సేతులు మంచియి" అన్నాడు.

నాను పిల్లకి అన్నం పెడతన్నదాన్ని, ఎంగిలి సేత్తోనే ఎల్లి లాగీసుకున్నాను.

"ఏటే అది? ఎవలిదే?" అంది మా అత్త. "మనింట్లో గుండెల ఫొటో ఎవలు తీయించుకున్నారు?"

ఫిలింకి అంటిన మెతుకులు కొంగుతో తుడిసేను. బెంగతో లాక్కున్నాననుకునేరు. కాదు, కుళ్ళు. మనిసి పోయి ఇన్నేళ్ళయినా, ఆ ఫిలిం కంట్లో పడితే సాలు, నాకు ఆవిడ మీద పాత కుళ్ళంతా పాలు పొంగినట్టు పొంగిపోద్ది.

ఆవిడంటే అప్ప, అక్కని మేం అలాగే అంటాం. నా సొంతప్ప కాదు. మద్దిలపాలెం బస్సు డిపో ఎనకాల సందులో ఒక ఎక్స్‌రే సెంటరుండీది. అక్కడ డార్క్‌రూములో పని ఆవిడది. ఊడిసే మనిసి కాడ్నుంచి డాక్టరుగారి దాకా అందరికీ అప్పే. నిన్న గాక మొన్న కాలిరగ్గొట్టుకుని వచ్చిన పేషెంటుకీ అప్పే. పేరెట్టి పిలిసినోళ్ళని నాను సూళ్ళేదు. సముద్రం ఒడ్డున యారాడ మనిసి. పొద్దున్నే కొండవతల్నుంచి బస్సులో వచ్చీది, సంకలో కేరేజీ, తల్లో కనకాంబరాలు.

నాను పది పాసై ఇంటరు మద్దిలో మానీసేను. మా మావయ్య సెప్పి ఆ సెంటర్లో పెట్టించేడు. నా పని ముందర బల్ల కాడ. పేర్లు పిలవడం, మెళ్ళో గొలుసులూ మొల్లో తాళ్ళూ తీయించడం, ఆడోళ్ళకి గౌనులెయ్యడం, "నెల తప్పేరేటమ్మా" అని సెవిలో అడగడం. ఫొటో తీసీవోడు సూరిబాబని ఒక కుర్రోడు. ఫిలిం పెట్టే పెట్టె ఒకటుంటాది, కేసెట్టంటారు, పలకంత ఉండి పుస్తకం లాగ మూసుకుంటాది. ఫొటో తీసేక దాన్ని గోడలో సిన్న అల్మారా లాంటి కిటికీలోంచి అవతలికి అందించీవోడు. అవతల అప్ప. అప్పా, ఆ సీకటీ, ఒక ఎర్రలైటూ.

నాకా గదిలోకి ఎల్లాలనుండీది. సేరిన రోజునుంచీ అదొక్కటే. ముందర బల్ల కాడ కూకున్నదాన్ని ఎవలు గుర్తెట్టుకుంటారు సెప్పండి? గుడి బయట సెప్పులు కాసినట్టు. బొమ్మ పుట్టీది ఆ గదిలో. పుట్టిన బొమ్మని రెండు సేతులా పట్టుకుని, భుజంతో తలుపు తోసుకుని వచ్చి, అప్ప గొంతెత్తి ఒక కేక పెట్టీది. "డాక్టరుగారో, బొమ్మ బాగొచ్చింది!" హార్బర్లో సేపలమ్మినట్టుండీది. ఇరిగిన ఎముకైనా, అరిగిన ఎముకైనా, పతీ బొమ్మా బాగొచ్చినట్టే. ఆ కేక నాను పెట్టాలని నాకు ఎంత ఆశో.

లోపలికెల్లే ముందర ఆవిడ గాజులు తీసీసీది. "గాజు తగిల్తే గీత పడిపోద్ది. తడిసిన ఫిలిం తోలు పసిగుంట తోలే" అనీది. ఆకుపచ్చ మట్టిగాజులు. తీసి, నాకేసి సూడనైనా సూడకుండా, మేకుకి తగిలించినట్టు నా సేతిలో పడీసి ఎలిపోయీది. నావి రెండూ నాలుగు సైజు గాజులు. ఆవిడియి రెండూ ఎనిమిది. బొద్దుగా, నున్నగా, అరిసెల పిండిలాటి సేతులు. ఆవిడ లోపలున్నంతసేపూ నాను ఆ గాజులేసుకుని సూసుకునీదాన్ని. మోసెయ్యి దాకా ఎలిపోయి, సెయ్యి దించితే జారి బల్ల మీద పడిపోయియి. ఆ మణికట్టు సూసినా కుళ్ళే నాకు. నా సేతులు ఎండుసేపలు.

మద్యాన్నం అన్నాల కాడ నాను అడుగుతుండీదాన్ని. ఫిలిమంటే ఏటప్పా, ఎలగ పడతాదప్పా బొమ్మ అని.

"ఉత్త ప్లాస్టిక్కేనే పిల్లా" అనీది. "లేత నీలం ప్లాస్టిక్కు. దాని మీదేటి రాస్తారో తెలుసా? ఎముకల జిగురు."

"ఛీ!"

"ఛీ ఏటే? పశువుల ఎముకలూ తోళ్ళూ ఉడకబెడితే జిగురొస్తాది. తలకాయ కూర సల్లారితే గడ్డకట్టదేటి, అలగ. ఆ జిగుర్లో వెండి ఉప్పు కలిపి రెండేపులా పూస్తారు. పైన గీతలు పడకుండా మళ్ళీ ఉత్త జిగురు పూస్తారు. అదంతా సీకట్లోనే సెయ్యాల. ఆ ఫేక్టరీ వోళ్ళూ నాలాగే గుడ్లగూబలు కాబోలు."

"వెండెందుకు మరి?"

"నీ పట్టీలు నల్లబడవేటి? ఎల్తురు తగిల్తే ఆ వెండి ఉప్పు నల్లబడ్డానికి కాసుకుని కూకుంటాది. కేసెట్టు లోపల రెండేపులా తెల్లటి అట్టలున్నాయే, ఎక్స్‌రే తగిల్తే అయ్యి మెరుత్తాయి. ఆ మెరుపు ఫిలిం మీద పడతాది. ఊపిరితిత్తుల్లో ఏటుంది, గాలి. రే తిన్నగా ఎలిపోద్ది. అక్కడ నలుపు. ఎముక గొడుగులాగ అడ్డం పడిపోద్ది. అక్కడ తెలుపు."

"అయితే తీసీగానే బొమ్మ ఉంటాదా?"

"ఉంటాది. కనపడదు." వేళ్ళు నాక్కుని నాకేసి వొంగీది. "మొదటినెల కడుపులాగే పిల్లా. పడ్డాది, గానీ సూసినోళ్ళకేటి తెలుస్తాది? మొదటి తొట్టిలో ముంచితే రే తగిలిన వెండంతా నల్లబడి బొమ్మ బయటపడతాది. రెండో తొట్టి, పులిసిన వాసనొస్తాదే, అది తగలని వెండిని తినీసి, ఉన్న బొమ్మని నిలబెడతాది. తరవాత నీళ్ళు. నీళ్ళు బాగా పొయ్యకపోతే ఏడాది తిరక్కుండా పచ్చబడిపోద్ది. పురుడు పోసినట్టే అంతా."

శనివారం నీసు ముట్టుకోని మనిసి, ఫిలిం మాత్రం ముట్టుకునీది. సూరిబాబు ఆటపట్టించీవోడు. "అప్పా, ఎముకల జిగురు గదా, శనివారం నేమం సెడలేదేటి?" అని. "ఇది తినే ఎముక కాదురా నాయినా, తిండెట్టే ఎముక. ఎముక బొమ్మ పట్టాలంటే మళ్ళీ ఎముకే గావాల" అనీది.

ఆ మొదటినెల కడుపు ముక్క నాకొక్కదానికే సెప్పిందని నాను రాత్రంతా మురిసిపోయేను. మర్నాడు సూద్దును గదా, మడమ బెణికి వచ్చిన ఒక కాలేజీ గుంటకి అదే ముక్క, అదే వొంగడం, అలాగే కళ్ళు సిన్నవి సేసి సెప్తంది. నాకు వొళ్ళు మండిపోయింది. ఆ గుంట పేరు పిలవాల్సొస్తే కావాలనే నెమ్మదిగా పిలిసేను.

"నన్నూ ఒకసారి లోపలికి రానియ్యప్పా" అని ఎన్నిమార్లు అడిగేనో. "ఇద్దరు పట్టరే" అనీది. నిజమే, బాత్రూమంత గది. ఇంకోసారి అడిగితే, "నువ్వు బయటే బాగుంటావే. నొప్పితో వచ్చినోళ్ళకి ముందర నీ మొహం కనపడాల" అంది. నన్ను బయటే ఉంచీడానికి ఎంత తియ్యగా సెప్పిందో సూడండి.

అప్పుడింక తలుపుకి సెవెట్టడం మొదలెట్టేను. ఆవిడ గడియారం సూసీది కాదు. ఫిలిం మందులో ముంచి జోలపాట అందుకునీది. వాళ్ళమ్మ పాడిన పాటంట.

పడవెల్లింది కొండ సాటుకి, పడుకోవే సిట్టి
అయ్యొస్తాడు అలల మీద, అంతదాకా పడుకో
వల తడిసింది, వాన ఎలిసింది, వంజరాలు పడ్డాయి
కొండ తిరిగిన పడవ సూసి కళ్ళు తెరువు సిట్టి

పాటయిపోయీసరికి బొమ్మ వచ్చీసినట్టే. సలికాలం మందు సల్లబడిపోద్ది గదా, అప్పుడు పాట నిదానంగా సాగదీసీది. ఎండాకాలం మందు వేడెక్కిపోయి బొమ్మ బేగి నల్లబడిపోద్దని, వొస్తా వొస్తా హార్బర్లో సేపల ఐసు అడిగి తెచ్చి తొట్టి సుట్టూరా పెట్టీది. "అప్పా, ఈ రోజు ఎక్స్‌రేలు కోనాం సేప వాసనొస్తన్నాయే" అనీవోడు సూరిబాబు. "నిమ్మకాయ పిండుకుని తినీరా" అనీది లోపల్నుంచి. డాక్టరుగారు కూడా నవ్వీవోరు. నాను ఎంత సరదా మాటన్నా ఆ మనిసి నవ్వలేదెప్పుడూ.

తలుపవతల నాకు పాట మొత్తం వచ్చీసింది. ఎక్కడ ముంచిందో, ఎక్కడ తీసి కడిగిందో, ఎక్కడ రెండో తొట్టిలో వేసిందో సప్పుడు బట్టి సెప్పీగల్ను. ఎవలూ అడగలేదు గానీ.

ఇంక మా అమ్మ సంగతి. కొత్తవలస కాడ మా ఊరు. తుంటి నొప్పని వస్తే నానే తీసుకెల్లేను. మా అమ్మ నోరిప్పని మనిసి. నాకు జొరమొచ్చినా నుదుటి మీద సెయ్యేసి సూత్తాది గానీ మాటాడదు. ఫిలిం తాడు మీద క్లిప్పులకి ఆరతంటే, దాని కింద బెంచీ మీద అప్పా, మా అమ్మా కూకున్నారు. నాను పేర్లు పిలుసుకుంటా, ఒక కన్ను అటే వేసున్నాను.

"ఎప్పుడు పడ్డావొదినా?" అంది అప్ప.

"పడలేదు."

"పడ్డావు. ఎముక పడ్డానంతంది, నువ్వు పడలేదంతన్నావు. ఎవల మాట నమ్మాలి?"

మా అమ్మ నవ్వింది. మా అమ్మ! ఆ తరవాత గుసగుసగా సెప్పడం మొదలెట్టింది. మోపు ఎత్తుకుని గట్టు దిగతా పడిపోయిందంట, లేవలేక సీకటి పడీదాకా సేలోనే కూకుండిపోయిందంట. కూతురికి సెప్తే బెంగెట్టుకుని పని మానీసి వచ్చీద్దని సెప్పలేదంట. నాను బల్ల కాడ ఉన్నాను. నాకు సెప్పని మాట, నా ఎదురుగా, ఆవిడకి సెప్తంది. ఎల్తా ఎల్తా అప్ప సెయ్యి పట్టుకుని, "మా గుంటని కాస్త నీలాగ తయారుసెయ్యి వొదినా" అనీసి ఎల్లింది. ఆ ఫిలిం ఊళ్ళో అందరికీ సూపించిందంట, "అప్ప కడిగిన బొమ్మ" అని. తుంటి తనది, తీసింది సూరిబాబు, బస్సెక్కించి తెచ్చింది నాను. పేరు మాత్రం ఆవిడది.

ఆవిడ తప్పు సేసినా అలాగే అయ్యీది. అదింకా మంట నాకు.

దసరాకి మిషన్లకి పూజ సేసుకుంటాం గదా. ఆంజనేయుడి గుడి సిందూరం అప్పే తెచ్చింది, బరువుగా, నూనెతో కలిపింది. మిషనుకి, తొట్లకి, తలుపుకి, ఆఖరికి నా బల్లకీ బొట్లు పెట్టింది. కేసెట్టుకీ పెట్టింది, నిండుగా. మర్నాడు వచ్చిన మొదటి పేషెంటు ఓడమీద పనికెల్లే కుర్రోడు. మెడికల్ కోసం వచ్చేడు. పెళ్ళాన్ని కూడా తెచ్చుకున్నాడు. ఫిలిం కడిగి తెస్తే ఊపిరితిత్తి మీద తెల్లటి మచ్చ, రూపాయి బిళ్ళంత. అప్ప కేక పెట్టలేదు. డాక్టరుగారు సూసి, ఇంకోసారి సూసి, "బాబూ, ఇది కొంచెం పెద్ద హాస్పిటల్లో చూపించుకోవాలి" అన్నారు. ఆ పెళ్ళాం అక్కడే కూలబడిపోయింది. "ఇప్పుడే గదండి ఉజ్జోగం వచ్చింది" అంతంది ఆ పిల్ల. తడి ఫిలిం తాడు మీదే ఒదిలీసి వాళ్ళిద్దరూ ఎలిపోయేరు.

తరవాత ఒక ముసలాయన. ఆయనకీ మచ్చ. అదే సోట, అంతే. అప్ప ఫిలిం రెండూ పక్కపక్కన పెట్టుకుని సూసి, "ఇద్దరికీ ఒకే సోట రోగమేటే?" అని, కేసెట్టు తిప్పి సూసి, నెత్తి మీద సెయ్యేసుకుంది. సీసం కలిసిన సిందూరం గదా, రేని ఆపీసింది. మచ్చ ఊపిరితిత్తి మీద కాదు, కేసెట్టు మీద.

గాజుల్లేని సేతుల్తో, తడి సేతుల్తో, సందులోంచి డిపోకి పరిగెట్టింది. ఆ బొద్దు మనిసి! బస్సు కదులుతుంటే దాని పక్క దబదబా కొట్టి ఆపించి, "రోగం కాదురా నాయినా, ఆంజనేయసావి బొట్టు!" అని అరిసిందంట. బస్సంతా నవ్విందంట. ఆ కుర్రోడి పెళ్ళాం దిగి వచ్చి అప్ప మెడ సుట్టూ సేతులేసీసింది. ఆవల డాక్టరుగారు, ఒక్క మాటంటే ఒట్టు, "నాదీ తప్పే అమ్మా, పూజకి నేనే హారతిచ్చాను" అని నవ్వేరు. అదే నాను పెట్టుంటే? మర్నాడు మా మావయ్యకి ఫోనెల్లీది. కొన్నాళ్ళకి ఆ కుర్రోడు ఓడ మీంచి దిగి, అప్పకి సెంటు సీసా తెచ్చిచ్చేడు. మచ్చ సూసిన రోజు వాడికి కుర్సీ వేసి, వాడి పెళ్ళానికి మంచినీళ్ళిచ్చింది నాను. ఎవలికైనా గుర్తుందా?

మరుసటేడు సలికాలం అప్పకి దగ్గు పట్టుకుంది. రెండో తొట్టి మందు ఘాటనీది. పాట మద్దిలో దగ్గు, దగ్గు మద్దిలో పాట. కాస్త సన్నబడ్డాది కూడా. ఈ వయసులో నడుం తగ్గిందే ఈవిడికి అని నాను దానికీ కుళ్ళుకున్నాను. డాక్టరుగారు ఊరుకోలేదు. "ఒకసారి చెస్ట్ తీయించుకోమ్మా, మిషను ఇంట్లో పెట్టుకుని" అన్నారు.

"మన కొట్టులో మనకే బోణీయా" అని నవ్వుకుంటా గౌనేసుకుంది. సూరిబాబు తీసేడు. తన ఫిలిం తనే కడుక్కుంటానని, గాజులు నా సేతిలో పడీసి లోపలికెల్లింది. పాట ఇనపడింది. దగ్గు ఇనపడింది. నీళ్ళ సప్పుడు. తలుపు తోసుకుని వచ్చింది.

కేక లేదు.

నాను సూసేను. మచ్చ. అలాటిదే, తెల్లగా, గుండ్రంగా. నాను ముందు పక్కున నవ్వేను. "అప్పా! మళ్ళీ బొట్టెట్టీసేవేటి?" అన్నాను. దసరా ఎలిపోయి ఎన్నాళ్ళో అయిందని, ఆ గొడవ తరవాత కేసెట్టుకి ఎవలూ బొట్టెట్టలేదని నాకూ తెలుసు. అయినా గబగబా కేసెట్టు తెచ్చి, నా చున్నీతో తుడిసేను. ఉమ్మి తడిసేసి మళ్ళీ తుడిసేను. చున్నీకి ఏటీ అంటలేదు.

"తుడూ, బాగా తుడూ" అంది అప్ప. నవ్వు మొహమే. కూకుండిపోయింది బెంచీ మీద, మా అమ్మ కూకున్న సోటే. "బొట్టు కాపోతే రెండో తొట్టి మందు సుక్క పడుంటాది. దగ్గొచ్చినప్పుడు సెయ్యదిరింది. ముందుగానే ఆ సుక్క పడితే అక్కడ వెండిని తినీద్ది, తెల్లగా ఉండిపోద్ది. సూరీ, ఇంకోటి తియ్యి. ఈసారి కాస్త పక్కకి జరిగి నిలబడతాను. మచ్చ కేసెట్టుదైతే అక్కడే ఉంటాది. నాదైతే నాతో వస్తాది."

తీసేడు. అప్ప నాకేసి తిరిగింది.

"నువ్వెల్లి కడుగు. నా సెయ్యి మీద నాకు నమ్మకం లేదు."

ఎన్నాళ్ళనుంచి కాసుకున్న మాట అది! ఆ మాట ఇలగ ఇస్తాదనుకోలేదు నాను. అప్ప సెయ్యి సాపింది. అరసెయ్యి పైకి. నాకర్థం కాలేదు.

"గాజులు తియ్యే పిల్లా. గీత పడిపోద్ది."

నా రెండూ నాలుగు గాజులు తీసి ఆవిడ సేతిలో పెట్టేను.

లోపల ఎర్రటి సీకటి. పులిసిన వాసన. నాకెవలూ నేర్పలేదు, అయినా నా సేతులకి అంతా తెలుసు. కేసెట్టు ఇప్పేను. ఫిలిం మూలలట్టుకుని క్లిప్పుల్లో తగిలించేను. మందులో ముంచేను. ముంచీగానే తలుపవతల్నుంచి అప్ప పాట అందుకుంది, నాకోసం. పడవెల్లింది కొండ సాటుకి. ముందర అంచులు నల్లబడ్డాయి. తరవాత పక్కటెముకలు ఒక్కోటీ తేలతన్నాయి, నీళ్ళ లోంచి తెప్ప తేలినట్టు. అయ్యొస్తాడు అలల మీద. ఊపిరితిత్తులు నల్లబడతన్నాయి. అంతదాకా, అని, దగ్గు. దగ్గు ఆగలేదు. పాట మళ్ళీ అందలేదు. పాట లేపోతే ఎప్పుడు తియ్యాలో నాకు తెలీదు. ఆఖరికి నానే అందుకున్నాను. వల తడిసింది, వాన ఎలిసింది. నా గొంతు బాగోదు. అయినా పాడేను.

సుట్టూరా అంతా నల్లబడ్డాది, అది తప్ప. "నల్లబడు, నల్లబడవే నీయమ్మ" అని దాన్ని తిట్టేను. అప్ప పక్కకి జరిగి నిలబడ్డాది గదా. మచ్చ కూడా ఆవిడతో జరిగింది. అదే రెండు ఎముకల మద్ది, అక్కడే.

నా భుజం కాడే తెల్లలైటు స్విచ్చుంది. వేసీస్తే సాలు, ఫిలిం మొత్తం బొగ్గయిపోద్ది. మచ్చుండదు, ఎముకుండదు, ఏటీ ఉండదు. సెయ్యి స్విచ్చు దాకా ఎల్లింది కూడా. ఎయ్యలేకపోయేను. జాలితో కాదు, ధైర్యంతోనూ కాదు. నాను కడిగిన మొదటి బొమ్మ అది. పాడు సేసిన ఫిలిం పట్టుకుని ఆవిడ ముందర నిలబడ్డం నావల్ల కాలేదు. నాకన్నా ఆవిడే బాగా కడుగుద్దని ఇంకోసారి రుజువైపోద్దేమోనని. కొండ తిరిగిన పడవ సూసి కళ్ళు తెరువు సిట్టి. తీసీసేను. కడిగేను. రెండో తొట్టిలో వేసి, మచ్చని అక్కడే నిలబెట్టేను.

బయటికొచ్చి ఇచ్చేను. నీళ్ళు కారతంటే కిటికీ కాడికి తీసుకెల్లి ఎల్తురుకి పట్టింది. మచ్చకేసి సూళ్ళేదు ముందు. మూలలు సూసింది, నాలుగూ, గోరు గీతలు పడ్డాయేమోనని. అంచులు సూసింది. నలుపు సూసింది. ఆఖర్న ఎముకల మద్దికి వచ్చింది.

తరవాత గొంతెత్తి, హార్బరు గొంతుతో, "డాక్టరుగారో, బొమ్మ బాగొచ్చింది!" అని కేకెట్టింది.

ఆ కేక నాది. నాను పెట్టాల్సిన కేక. నాను కడిగిన బొమ్మ మీద కూడా ఆవిడే పెట్టీసింది.

అప్పుడు సూసేను ఫిలిం పట్టుకున్న సెయ్యి. మణికట్టుకి నా గాజులున్నాయి. నాను లోపలున్నంతసేపూ ఏసుకుని సూసుకున్నట్టుంది. రెండూ నాలుగు గాజులు, ఆవిడికి.

"సరిపోయినాయే పిల్లా నాకు" అంది.

ఆ గాజులు మళ్ళీ నాకివ్వలేదు. నాను అడగలేదు. ఆవిడ ఆకుపచ్చవి నా సొరుగులోనే ఉండిపోయినాయి. ఎండలు ముదిరీసరికి అప్ప పోయింది. యారాడెల్లేం అందరం. మా అమ్మ కూడా వచ్చింది, తరవాత నా పెళ్ళికైనా ఏడవని మనిసి అక్కడ ఏడిసింది. ఓడ కుర్రోడి పెళ్ళాం కడుపుతో వచ్చింది. మనిసి పోయినా జనం తగ్గలేదు ఆవిడికి.

ఆ తరవాత సెంటర్లోకి కంప్యూటరు మిషనొచ్చీసింది. నొక్కితే బొమ్మ తెరమీద పడిపోద్ది. తొట్లు ఎత్తీసి, ఆ గదిలో మంచినీళ్ళ టిన్నులు పెట్టుకున్నారు. నాకు పెళ్ళయి మానీసేను. అప్ప గుండెలవి రెండు ఫిలిముల్లో, తను కడిగింది పెద్దాస్పత్రికి ఎలిపోయింది. రెండోది నా కాడుండిపోయింది. నా జన్మకి నాను కడిగింది అదొక్కటే.

మొన్న సైకిలోడు మోకాళ్ళూ నడుములూ సంచిలో కుక్కుకుని ఎలిపోయేడు. మా అత్త వొదల్లేదు. వంటింట్లోకి వచ్చి మళ్ళీ అడిగింది.

"ఎవలిదే ఆ ఫిలిం? అంతలాగ లాక్కున్నావు?"

"నాదత్తా."

"నీదా?" బెదిరిపోయింది పాపం. "నీకు గుండెల్లో ఏటొచ్చిందే? మా వోడికి సెప్పేవా?"

"గుండెలు నాయి కాదు. బొమ్మ నాది. నాను కడిగేను."

"మరి మనిసెవలు?"

సెప్పలేదు. సెప్తే పాట సెప్పాల, గాజులు సెప్పాల, బస్సు ఆపిన ముక్క సెప్పాల. ఇదంతా ఇంటే మా అత్త కూడా ఆవిడ మనిసైపోద్ది.

ఎంగిలి మరకలు పోయీలా ఫిలిం నీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, కవర్లో పెట్టి, నా సీరల కింద పెట్టీసేను.